ఇంట్లో పెంచే తాబేలు: కంటి వాపు, తొట్టి, వయసు, చట్టం

కావలి నుంచి రాసిన మీ ప్రశ్నను మిగతా పాఠకుల కోసం క్లుప్తంగా చెప్పి జవాబులోకి వస్తాను. మూడేళ్ళ కిందట నెల్లూరులోని ఒక అక్వేరియం దుకాణంలో మీ అమ్మాయి కోసం రూపాయి బిళ్ళకన్నా కొంచెం పెద్దవైన ఆకుపచ్చ తాబేలు పిల్లలు రెండు కొన్నారు. వాటిలో ఒకటి ఇప్పుడు అరచేతిని మించి పెరిగింది. రెండోది అందులో సగం కూడా లేదు, పైగా కొద్ది రోజులుగా కళ్ళు తెరవడం లేదు, మేత ముట్టడం లేదు. ఇవి ఎన్నేళ్ళు బతుకుతాయి, పెంచడం కుదరకపోతే ఊరి చెరువులో వదలవచ్చా, ఉదయగిరి దగ్గర మీ బావమరిది గారి పొలంలో దొరికిన నక్షత్ర తాబేలును తెచ్చి వీటితో కలిపి పెంచుకోవచ్చా అని అడిగారు. చివరగా, దుకాణదారు చూపిస్తున్న ఆఫ్రికా తాబేలు సంగతి కూడా రాశారు. పశువైద్యుడిగా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పనిచేసిన అనుభవంతోనూ, స్వయంగా తాబేళ్ళను పెంచుతున్న వాడిగానూ చెబుతున్నాను.

మీరు పంపిన ఫొటోలో కంటి వెనుక ఎర్రటి చార స్పష్టంగా కనిపిస్తోంది కాబట్టి ఇవి రెడ్ ఇయర్డ్ స్లైడర్లు, అంటే అమెరికాలోని మిసిసిపీ నదీ పరీవాహక ప్రాంతానికి చెందిన నీటి తాబేళ్ళు. మన దేశపు జీవులు కావు గనుక స్వదేశీ తాబేళ్ళ మీద ఉన్న నిషేధం వీటికి లేదు. దుకాణాల్లో బాహాటంగా అమ్ముతున్నది అందుకే.

ముందుగా తొందరపడవలసినది ఆ చిన్నదాని కళ్ళ విషయంలో. మూడేళ్ళుగా సీసాలో వచ్చే ఎండు రొయ్యలే వేస్తున్నామని మీరే రాశారు. నూటికి తొంభై పాళ్ళు జబ్బు అక్కడే ఉన్నట్టు తోస్తోంది. ఎండు రొయ్యల్లో విటమిన్-ఎ దాదాపు లేదు. ఆ విటమిన్ తగ్గితే కంటి చుట్టూ ఉన్న గ్రంథుల లోపలి పొర మందమై, స్రావం బయటికి వచ్చే దారి మూసుకుపోయి, రెప్పలు ఉబ్బి కన్ను కనబడకుండా పోతుంది. కొన్నింటికి చెవి దగ్గర, అంటే కంటికి కొంచెం వెనుక, గట్టి బొడిపెలా చీము చేరుతుంది. ఈ తాబేలు మేతను ప్రధానంగా చూపుతోనే వెతుక్కుంటుంది గనుక కన్ను మూసుకుపోగానే తినడం మానేస్తుంది, తినకపోవడంతో లోపం ఇంకా ముదురుతుంది. ఇంట్లో మనుషులకు వాడే కంటి చుక్కలు వేసి వారం పది రోజులు చూద్దామనుకోవడం ఇక్కడ చాలామంది చేసే పని. చుక్కలు పైపై ఇన్ఫెక్షన్‌ను కొంత తగ్గిస్తాయేమో కాని మూలాన్ని తాకవు. అలాగని విటమిన్-ఎ సూది మందును ఎవరో చెప్పిన లెక్కకు చేయించకండి, ఎక్కువైతే చర్మం పొరలు పొరలుగా ఊడిపోతుంది. బరువు తూచి, మోతాదు లెక్కగట్టి వైద్యుడే ఇవ్వాలి.

వైద్యుడి దగ్గరికి తీసుకుపోయేటప్పుడు ఒక్క మాట మాత్రం తప్పక గుర్తుంచుకోండి. మన ప్రాంతపు పశువైద్యశాలల్లో పగలంతా కనిపించేవి ఒంగోలు జాతి ఎద్దులు, నెల్లూరు గొర్రెలు, గేదెలు. అక్కడ పిడుదులకూ నట్టలకూ ఐవర్‌మెక్టిన్ రోజూ వాడే మందు. తాబేలుకు అది విషం. వాటి శరీరంలో ఆ మందు మెదడులోకి చొరబడి కాళ్ళూ మెడా పడిపోయేలా చేస్తుంది, తరువాత ఊపిరి ఆగిపోతుంది. చిన్న మోతాదైనా సరే వద్దని చెప్పడానికి మొహమాటపడకండి, తాబేళ్ళను ఎప్పుడూ చూడని వైద్యుడైతే ఆ మాట విని సంతోషిస్తాడే తప్ప నొచ్చుకోడు. సూది వేయవలసి వస్తే ముందు కాళ్ళ వైపే వేస్తారు. వెనుక కాళ్ళ నుంచి వెళ్ళే రక్తంలో కొంత భాగం మూత్రపిండాల మీదుగా పోతుంది కాబట్టి ఈ జాగ్రత్త.

రెండోది సగమే ఎందుకు పెరిగిందని మీకు అనుమానం. రెండూ ఒకే తొట్టిలో ఉన్నప్పుడు పెద్దది ముందు తినేస్తుంది, ఎండ తగిలే చోటును ఆక్రమిస్తుంది, చిన్నది భయంతో నీటి అడుగున ఉండిపోతుంది. కొంత తేడా ఆడా మగా భేదం వల్ల కూడా రావచ్చు. కారణం ఏదైనా ఈ రోజే వాటిని వేరు చేయండి. చిన్నదానిని డిప్ప పైభాగం వరకు మాత్రమే నీళ్ళున్న శుభ్రమైన టబ్బులో, నీరు ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది డిగ్రీల వెచ్చదనంలో ఉండేలా ఉంచండి. నీరసంగా ఉన్న తాబేలు లోతు నీటిలో మునిగిపోతుంది. నీటి తాబేలు కదా, మునగడమేమిటి అనుకోకండి, అది ఊపిరితిత్తులతో పీల్చే ప్రాణి. డిప్ప అంచులను వేళ్ళతో సున్నితంగా నొక్కి చూడండి. మూడేళ్ళ తాబేలుకు డిప్ప గట్టిగా ఉండాలి. అట్టముక్కలా వంగితే కాల్షియం, విటమిన్-డి కూడా కొరవడ్డాయని అర్థం.

ఇక్కడ తాబేళ్ళ స్వభావం గురించి ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే ఉత్తరాలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. కుక్క రెండు రోజులు తినకపోతే ఇల్లంతా కంగారుపడుతుంది. తాబేలు నెలల తరబడి అరకొర మేతతో, మురికి నీటిలో, ఎండ లేకుండా ఉన్నా బతికే ఉంటుంది. దాని రక్తం మన రక్తంలా ఎప్పుడూ ఒకే వేడిలో ఉండనక్కరలేదు, ఒంట్లో శక్తి ఖర్చు చాలా తక్కువ, అందుకే అంత దీర్ఘాయువు. ఆ సుగుణమే పెంచేవాళ్ళను మోసం చేస్తుంది. మూడేళ్ళు చావకుండా ఉంది కాబట్టి బాగానే పెంచుతున్నామని నమ్ముతాం, నిజానికి అది మూడేళ్ళుగా మెల్లమెల్లగా క్షీణిస్తూ ఉంటుంది. బయటికి జబ్బు కనిపించే నాటికి లోపల చాలా దూరం వెళ్ళిపోయి ఉంటుంది. వైద్యం చేసినా కోలుకోవడం కూడా అంతే నిదానం, వారాలూ నెలలూ పడుతుంది, మధ్యలో విసుగెత్తి మానేయకూడదు.

మేత మార్చడం మీ చేతిలో పని. నీటి తాబేళ్ళ కోసమే తయారైన గుళికలను ఆధారంగా పెట్టుకోండి. నెల్లూరు, ఒంగోలు తీరంలో రొయ్యల చెరువుల వాళ్ళు తమ దగ్గర మిగిలిన రొయ్యల మేతను తాబేళ్ళకు వేస్తుంటారు, చవకగా దొరుకుతుంది గనుక. ఎదిగే పిల్లకు అది కొంతవరకు చెల్లుతుంది కాని ఎదిగిన తాబేలుకు అంత మాంసకృత్తులు పనికిరావు. వయసు వచ్చేకొద్దీ స్లైడర్ ఆకుకూరల వైపు మళ్ళుతుంది, మళ్ళించాలి కూడా. గుర్రపుడెక్క ఆకులు, మందార ఆకులు, మునగాకు, తురిమిన క్యారెట్, పండు గుమ్మడి ముక్కలు ఇవ్వండి. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సాలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచేస్తాయి. చేప వేస్తే ముళ్ళూ తలా తీసేసిన ముక్క కాకుండా వేలెడు చిన్నచేపను మొత్తంగా వేయండి, దానికి కావలసిన కాల్షియం ఆ ముళ్ళలోనే ఉంది. పచారీ కొట్టులో సముద్రపు నురుగు అని అమ్మే తెల్లటి ఎముక ముక్క ఒకటి నీటిలో పడేసి ఉంచితే కావలసినప్పుడు కొరుక్కుంటుంది. పిల్లకు రోజూ, పెద్దదానికి రెండు మూడు రోజులకొకసారి, ఒక్కో పూట దాని తల పరిమాణానికి మించకుండా. మనిషి అలికిడి వినగానే గాజుకు మొహం ఆనించి కాళ్ళు కొట్టుకుంటూ అడుగుతుంది, ఆ యాక్టింగుకు లొంగకండి. అన్నం, బ్రెడ్డు, బిస్కెట్టు ఎప్పుడూ వద్దు.

మేత ఎంత మంచిదైనా ఎండ లేకపోతే వృథా. కాల్షియం ఎముకకూ డిప్పకూ చేరాలంటే విటమిన్-డి3 కావాలి, అది ఎండలోని యూవీబీ కిరణాల వల్ల చర్మంలో తయారవుతుంది. మీ తొట్టి హాల్లో కిటికీ పక్కన ఉంది కాబట్టి ఎండ తగులుతోందని రాశారు, కాని అద్దం వెలుతురును లోపలికి రానిస్తుందే తప్ప యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. బయట ఎండ పుష్కలంగా ఉన్న ఊళ్ళో తాబేలుకు ఎముకల జబ్బు రావడానికి ఇదే కారణం. యూవీబీ దీపం కొనవచ్చు. అది వెలుగుతున్నట్టే కనిపించినా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఆ కిరణాలు తగ్గిపోతాయి గనుక మారుస్తూ ఉండాలి. నా సలహా అడిగితే మీ ఊళ్ళో దీపం కన్నా పెరట్లో తొట్టి మేలు.

పూర్తిగా పెరిగిన ఆడ స్లైడర్ డిప్ప పొడవు ఇరవై ఐదు నుంచి ముప్ఫై సెంటీమీటర్ల దాకా పోతుంది, మగది కొంచెం చిన్నది. డిప్ప పొడవులో ప్రతి అంగుళానికీ దాదాపు నలభై లీటర్ల నీరు ఉండాలన్నది చాలామంది పాటించే లెక్క. అంటే ఒక్క పెద్ద తాబేలుకే నాలుగు వందల లీటర్లు. గాజు తొట్టితో అది సాధ్యం కాదు, కాని పశువులకు కట్టే సిమెంటు తొట్టి లాంటిది కట్టించుకుంటే చవకగా అయిపోతుంది. కొత్త సిమెంటులోని సున్నపు కారం పోయేదాకా నీళ్ళు నింపి పారబోయడం రెండు మూడు వారాల పాటు చేసి, తరువాతే తాబేలును దించండి. నీళ్ళలోంచి ఎక్కడానికి ఏటవాలుగా ఒక బండ, పైన ఆరిన చోటు, ఆ చోటులో సగం ఎండ, సగం నీడ ఉండాలి. తొట్టి మీద గట్టి వలజాలీ తప్పనిసరి. తాబేలు పిల్లలను కాకులు ఎత్తుకుపోతాయి, పందికొక్కులు రాత్రి వచ్చి కాళ్ళు కొరికేస్తాయి.

నీడ గురించి ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. రోహిణి కార్తెలో మన దగ్గర నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీల ఎండ కాయడం మామూలే. డాబా మీద పెట్టిన చిన్న ప్లాస్టిక్ టబ్బులో నీరు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, తాబేలుకు పారిపోయే దారి ఉండదు. విదేశీ వెబ్‌సైట్లు చూసి హీటర్లు కొనే వాళ్ళను చూస్తే నాకు నవ్వు వస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం మన సమస్య చల్లబరచడమే. హీటరు అవసరమయ్యేది డిసెంబరు, జనవరి రాత్రుల్లో జబ్బుగా ఉన్నదానికి మాత్రమే. ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టి రోజుల తరబడి ఎండ లేనప్పుడు జలుబు చేసే ప్రమాదం ఉంది. ముక్కు నుంచి బుడగలు, నోరు తెరిచి పీల్చడం, ఈదేటప్పుడు ఒక పక్కకు ఒరిగిపోవడం కనిపిస్తే అది ఊపిరితిత్తుల జబ్బు, ఆలస్యం చేయకూడదు.

నీటి విషయం తొందరగా ముగిస్తాను. కుళాయి నీరైతే ఒక రాత్రి నిలవబెట్టి వాడండి. బోరు నీరైతే డిప్ప మీద తెల్లటి పొర కడుతుంది. అది నీటిలోని సున్నం, మెత్తని బ్రష్షుతో తగ్గుతుంది. దూదిలా మెత్తగా ఉంటే ఫంగస్, గుంట పడి వాసన వస్తే డిప్ప కుళ్ళు. పలుచని పలకలు రాలడం మాత్రం సహజమే. డిప్పకు నూనె, రంగు పూయకండి. అంచుకు రంధ్రం చేసి తాడు కట్టే అలవాటు ఇంకా కొన్ని ఊళ్ళలో ఉంది. డిప్ప ప్రాణమున్న ఎముక, రంధ్రం చేస్తే దానికి మనకు ఎముక తొలిచినంత నొప్పి. తాబేలును ముట్టుకున్నాక పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, తొట్టి సామాను వంటింటి సింకులో కడగకూడదు. వీటి ఒంటి మీద సాల్మొనెల్లా బాక్టీరియా ఉండటం మామూలు. పిల్లలకు జబ్బులు రావడంతోనే అమెరికా ప్రభుత్వం 1975లో నాలుగు అంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించింది.

మీ పెద్ద తాబేలుకు ముందుకాళ్ళ గోళ్ళు పొట్టిగా, తోక చిన్నగా ఉన్నాయి కాబట్టి అది ఆడది కావచ్చు. అలాగైతే మగది తోడు లేకపోయినా కొన్నేళ్ళలో గుడ్లు పెడుతుంది, అవి పొదగవు అంతే. తవ్వుకోవడానికి తడి ఇసుక, మట్టి కలిసిన చోటు జానెడు లోతున దొరకకపోతే గుడ్లు లోపలే ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. బాగా తింటున్న ఆడ తాబేలు హఠాత్తుగా మేత మానేసి తొట్టి గోడలను వెనుక కాళ్ళతో గీరుతుంటే దానికి కావలసింది మందు కాదు, మట్టి.

ఎన్నేళ్ళు బతుకుతాయన్న మీ ప్రశ్నకు సూటి జవాబు ఇరవై నుంచి నలభై ఏళ్ళు. నేల మీద తిరిగే తాబేళ్ళయితే ఇంకా ఎక్కువ. హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో 2024 మార్చిలో చనిపోయిన గాలపాగోస్ తాబేలు చాణక్యకు నూట ఇరవై అయిదేళ్ళని అధికారులు ప్రకటించారు. సెయింట్ హెలీనా ద్వీపానికి 1882లో తెచ్చిన జోనాథన్ అనే తాబేలు 1832 ప్రాంతంలో పుట్టిందని అంచనా. ఇవి వినడానికి బాగుంటాయి. మీ ఇంటి లెక్క వేరు. మీ అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి అన్నారు. ఇంకో రెండేళ్ళకు ఇంటర్మీడియట్ హాస్టలు, ఆ తరువాత ఇంజనీరింగ్, ఉద్యోగం, పెళ్ళి, అప్పటికి తాబేలు ఇంకా నడివయసులో ఉంటుంది. హాస్టల్లో తాబేళ్ళను ఉంచనివ్వరు కాబట్టి ఇప్పటినుంచే అది మీది, మీ శ్రీమతిది. అలా అనుకుని ఒక నోటు పుస్తకం పెట్టండి, నెలకొకసారి వంటింటి తూకం మీద తూచి తేదీ, బరువు, డిప్ప పొడవు రాయండి. బరువు రెండు నెలలు వరసగా తగ్గితే జబ్బు కంటికి కనబడక ముందే తెలుస్తుంది. రేపు మీ తమ్ముడి ఇంటికో ఇంకెవరికో అప్పగించవలసి వస్తే ఆ పుస్తకమే దాని చరిత్ర.

అప్పగించడానికి ఎవరూ దొరకనప్పుడు చెరువులో వదలవచ్చా అన్నారు. వదలకూడదు. కనిగిరి రిజర్వాయరు కాని, నెల్లూరు చెరువు కాని, పెన్నా కాలువలు కాని, ఇంటి వెనుక కుంట కాని. మన చెరువుల్లో మెత్తని డిప్పతో, వెనుక కాళ్ళను కప్పే మడతలతో ఉండే తాబేలును చిన్నప్పటి నుంచీ చూసే ఉంటారు, ఎండాకాలం చెరువు ఎండితే బురదలో దూరి వానల దాకా ఓపిక పడుతుంది. అది చచ్చిన చేపనూ పురుగునూ తిని నీటిని శుభ్రంగా ఉంచుతుంది. స్లైడర్ వచ్చి చేరితే మేత దగ్గరా ఎండ కాచుకునే చోటు దగ్గరా దానితో పోటీ పడుతుంది, అక్వేరియం జబ్బులను అంటిస్తుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన వంద ఆక్రమణ జాతుల జాబితాలో ఈ తాబేలు పేరుంది, యూరోపియన్ యూనియన్ 1997లోనే దీని దిగుమతిని ఆపేసింది. దుకాణదారుతో మాట్లాడి తిరిగి ఇవ్వండి, పెరట్లో తొట్టి ఉన్న మరో కుటుంబాన్ని వెతకండి. జంతు ప్రదర్శనశాలకు తీసుకుపోయేముందు వాళ్ళు తీసుకుంటారో లేదో ఫోను చేసి అడగండి. ఎంత కాలమైనా సరే, చేరే చోటు తేలేదాకా మీ దగ్గరే ఉండాలి.

నక్షత్ర తాబేలు విషయంలో ఇంత చర్చే లేదు. దానిని ఇంట్లో పెంచడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది, దానితో నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూలులో చేరింది. అంటే పులికి ఉన్న రక్షణే దానికీ. శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు, ఇరవై ఐదు వేల రూపాయలకు తగ్గని జరిమానా. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా నిషేధించారు. పెంచితే లక్ష్మి వస్తుందన్న మాట నమ్మి కొనేవాళ్ళ వల్లే మన మెట్ట పొలాల నుంచి వాటిని బస్తాల్లో కుక్కి తరలిస్తున్నారు. మీ బావమరిది గారు పొలంలో చూసి అలాగే వదిలేసి ఉంటే అంతకన్నా మంచిది లేదు. ఇప్పటికే ఇంటికి తెచ్చి ఉంటే నలభై ఎనిమిది గంటల్లోగా అటవీ అధికారికి గాని, దగ్గరి పోలీసు స్టేషనుకు గాని తెలియజేయాలని చట్టం చెబుతోంది. తామంతట తాము ఏదో ఒక తుప్పల్లో వదిలేయడం కూడా సరికాదు, ఇంట్లో అంటిన జబ్బు అడవిలో ఉన్నవాటికి చేరుతుంది. ఇక స్లైడర్‌తో కలిపి పెంచడమంటారా, నక్షత్ర తాబేలుకు ఈత రాదు, మీ తొట్టిలో పడితే మునిగి చనిపోతుంది.

అదే దుకాణదారు చూపిస్తున్న ఆఫ్రికా తాబేలు, అంటే సల్కాటా, మన ఎండను తట్టుకుంటుంది కాని కార్తీకం ముసురులో చలికీ తడికీ తట్టుకోలేదు. అది నలభై యాభై కిలోలకు పెరిగి, కాంపౌండు గోడ కింద సొరంగం తవ్వి, మీ తరువాతి తరం దాకా ఉంటుంది. పైగా ఆ జాతి వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందపు రెండో అనుబంధంలో ఉంది, 2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం అలాంటి జీవి ఎవరి దగ్గర ఉన్నా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పుట్టినా, చనిపోయినా, చేతులు మారినా తెలియజేయాలి. అమ్మేవాడి పేరున ఆ నమోదు కాగితం ఉందా అని అడగండి. లేదంటే బేరం అక్కడితో ఆపేసి, ఆ డబ్బుతో ముందు చిన్నదానిని వైద్యుడికి చూపించి, పెద్దదానికి తొట్టి కట్టించండి.